తప్పు చెప్పే పని చెక్కదే

పిల్లలకి ఆటవస్తువు కొనేటప్పుడు సాధారణంగా రంగు చూస్తాం, అంచులు గీసుకుంటాయేమో చూస్తాం, ధర చూస్తాం. దాన్ని చేసినవాడి చెయ్యి ఎంత కచ్చితమైనదో కూడా చూడాలని నాలుగేళ్ళ మా మేనల్లుడి పుణ్యమా అని ఈమధ్యే తెలిసింది.

మా తమ్ముడూ మరదలూ ఉద్యోగాలకి వెళ్తే వాడు పగలంతా నా దగ్గరే ఉంటాడు. చురుకైనవాడే కానీ, ఏ పని మొదలుపెట్టినా సగంలో ఆపి మా మొహాలు చూసేవాడు. "ఇక్కడేనా అత్తా? ఇదేనా?" అంటూ. మనం తలూపితే తప్ప రెండో ముక్క పెట్టడు. "వీడికి తప్పంటే భయం పట్టుకుంది వదినా" అని మరదలి బెంగ.

మాంటిస్సోరి సామగ్రిలో సిలిండర్ల దిమ్మ అని ఒకటుంది. పొడుగాటి చెక్క దిమ్మలో పది గుంటలు, వాటిలో సరిగ్గా కూర్చునే పది సిలిండర్లు. ఒక్కోదానికి పైన చిన్న పిడి. ఆ పిడిని వేళ్ళ కొసలతో పట్టుకోవడం వల్ల రేపు పెన్సిలు పట్టుకోవడం తేలికవుతుంది. అసలు కిటుకు ఇంకోటుంది. సన్నటి సిలిండర్‌ని వెడల్పు గుంటలో పెట్టేస్తే అప్పటికి సరిపోయినట్టే ఉంటుంది. చివరికొచ్చేసరికి ఒక లావుపాటిది మిగిలిపోతుంది, అది పట్టే గుంట ఉండదు. అప్పుడు పిల్లవాడే వెనక్కి వెళ్ళి వెతుక్కుంటాడు. "తప్పు" అని ఎవరూ అనక్కర్లేదు.

మరదలు ఆన్‌లైన్‌లో చవగ్గా ఒకటి తెప్పించింది. అందులో గుంటలు ఎంత వదులంటే, పక్కపక్క సైజులవి అటూ ఇటూ మారినా దిగిపోయేవి. వాడు అన్నీ పెట్టేసి మళ్ళీ నా మొహమే చూశాడు. చెక్క చెప్పాల్సిన మాట చెక్క చెప్పకపోతే ఇంక పెద్దవాళ్ళే చెప్పాలిగా!

మా వీధి చివర మంచం కోళ్ళు తరిమెన పట్టే వడ్రంగి మేస్త్రి ఉన్నాడు. ఆ దిమ్మ తీసుకెళ్ళి చూపించాను. గుంటలన్నీ కొలిచి, "పిల్లల వస్తువే కదా అని వదిలేశారమ్మా. మంచంలో కాస్త తేడా వస్తే చీల కొట్టి బిగిస్తాను. దీంట్లో ఆ సర్దుబాటు కుదరదు" అన్నాడు. కొత్త దిమ్మే చేసిస్తానన్నాడు. ముసురుకి ఉబ్బకుండా బాగా ఆరిన టేకు తీశాడు. వారం పట్టింది. రెండు సిలిండర్లు నచ్చక పక్కన పడేసి మళ్ళీ చేశాడు. పనిలో పనిగా పిల్లవాడి మోకాలి ఎత్తు కొలిచి, వాడే మోసుకుపోగలిగేంత తేలికైన కుర్చీ కూడా చేశాడు.

కుర్చీకీ చదువుకీ సంబంధమేంటంటారా? 1907లో రోమ్‌లోని శాన్ లొరెంజో పేటలో మాంటిస్సోరి మొదటి పిల్లల ఇల్లు తెరిచారు. బరువైన బడి బల్లలు వద్దని, పిల్లలు తామే కదుపుకోగలిగే చిన్న బల్లలూ కుర్చీలూ కావాలన్నారామె. తేలిక కుర్చీ తగిలితే చప్పుడు చేస్తూ పడుతుంది. ఆ చప్పుడే పిల్లవాడికి జాగ్రత్త నేర్పుతుందని ఆవిడ ఆలోచన. అలాంటిదే గులాబీ గోపురం. ఒక సెంటీమీటరు నుంచి పది సెంటీమీటర్ల దాకా పది ఘనాలు. వరసలో పక్కపక్కన వచ్చే ఏ రెండిటి మధ్య చూసినా తేడా ఒక్క సెంటీమీటరే. కోసినవాడు కాస్త ఏమరితే ఆ లెక్క పోయినట్టే.

ఆవిడ 1939లో మద్రాసు అడయారుకి వచ్చి మన దేశంలోనూ టీచర్లకి శిక్షణ ఇచ్చారు. అలాంటి వస్తువులు చేసే చేతులు మనకీ కొత్త కాదు. మన లక్కపిడతలే చూడండి. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రని తరిమెన మీద తిప్పుతూ రంగు లక్క ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పడుతుంది. చెట్ల నుంచి తీసిన రంగులు కలుపుతారు. ఆ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అలాంటి చేతులకి సరైన కొలతలిచ్చి, తగిన కూలి ఇస్తే పిల్లల చదువుకి కావలసినవి ఎన్ని చేయించుకోవచ్చో!

కొత్త దిమ్మ వచ్చిన రోజు వాడి దగ్గరే కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాను. ఆఖర్న ఒక లావు సిలిండర్ మిగిలింది. దాన్ని పట్టుకుని కాసేపు చూశాడు. ఏదో గొణుక్కుంటూ మూడు బయటికి లాగాడు, మార్చి మార్చి పెట్టాడు. పదీ దిగాక, నా వైపు చూడకుండానే అన్నీ తీసి మళ్ళీ మొదలుపెట్టాడు. సాయంత్రం ఈ మాట చెప్తే మరదలు ఏమీ అనలేదు, కళ్ళు తుడుచుకుంది.

ఆన్‌లైన్ ధరకి రెండింతలైందని తమ్ముడు గొణిగాడు. నేను మాత్రం మేస్త్రితో బేరమాడలేదు. మీరూ పిల్లలకి ఇలాంటివి కొంటే, రెండు ముక్కలు అటూ ఇటూ మార్చి చూడండి. మారినా దిగిపోతే ఎంత చవకైనా తీసుకోకండి.