ఝరాసంగములో ముదిమి మాటలు

హైదరాబాదునుండి ముంబయికి పోవు పెద్దబాటమీద నూరు కిలోమీటర్లకు పైగా సాగినచో జహీరాబాదు వచ్చును. అచ్చటినుండి చీలిన త్రోవ ఎఱ్ఱనేలల నడుమ, జొన్నచేలను, కందిచేలను, చెఱకుతోటలను దాటించి మనలను ఝరాసంగమునకు చేర్చును. ఇచ్చటి కేతకీ సంగమేశ్వరస్వామి ఆలయమునకు తెలుగువారే గాక కన్నడిగులును, మహారాష్ట్రులును తరలివత్తురు. శివపూజకు మొగలిపువ్వు పనికిరాదని మన యిండ్లలో అత్తలు కోడండ్రకు చెప్పుట కలదు గదా! ఇచ్చట మాత్రము స్వామికి ఆ పువ్వే ప్రీతి. ఆయన పేరులోనే అది చేరియున్నది.

సూర్యవంశపు రాజగు కుపేంద్రుడు చర్మవ్యాధిచే బాధపడుచు, ఏ వైద్యమునకును గుణము కానరాక, ఈ కేతకీవనమునకు వచ్చి సెలయేట స్నానము చేయగా రోగము మాయమయ్యెననియు, పిదప ఆయనయే గుడి కట్టించెననియు స్థలపురాణము చెప్పుచున్నది. ఎనిమిది తీర్థములు కలియు అమృతగుండము నేటికిని గుడివెనుక నున్నది. కావున ఈ యూరు మొదటినుండియు రోగులకు పరిచయమైన యూరే.

ఊరి పేరును గూర్చి యొకమాట. ఝర యనగా సెలయేరు. వత్తు తీసివేసినచో జర యగును. సంస్కృతమున దానికి ముసలితనమని యర్థము. ఉర్దూనుండి తెలంగాణపు వాడుకలోనికి వచ్చిన 'జర' యనగా కొంచెము. ఊరివారు వత్తు పలుకక 'జరాసంగం' అనియే యనుచుందురు. సెలయేరు, ముదిమి, కొంచెము – మూడును ఒక్క పేరులో ఇమిడినవి.

గుండము మెట్లమీద కూర్చుండిన యొక యవ్వతో మేము మాటలాడితిమి. ఆమె బడిమెట్టు ఎక్కినది కాదు. అయినను ఆమె నోట షుగరు, బీపీ, గ్యాసు, థైరాయిడు, స్కానింగు, ఆపరేషను వరుసగా దొరలుచుండెను. "బీపీ అంటే ఏంది అవ్వా?" అని యడిగితిమి. "కోపం వస్తె పెరిగేది బిడ్డా. మా కోడలు వచ్చినంక నాకు పెరిగింది" అని నవ్వినది. ప్రక్కనున్న కోడలును నవ్వినది.

ఈ ప్రాంతమువారికి పరభాష క్రొత్త కాదు. జహీరాబాదు తాలూకా 1956 వరకు బీదరు జిల్లాలోనిది. ఇంట తెలుగు, సంతలో కన్నడము, కచేరీలో ఉర్దూ నడచిన నేల ఇది. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయములో బోధనాభాష ఉర్దూయే. శాస్త్రపు మాటలను ఉర్దూలో కూర్చుటకు ప్రత్యేకముగా ఒక అనువాదశాఖయే యుండెను. ఆ కాలము పోయినను దవాఖానా మిగిలినది, ఆయాసమునకు దమ్ము మిగిలినది. వానిపై నేడు ఇంగ్లీషు వచ్చి కూర్చున్నది. పాత మాటలు తరతరములుగా నలిగి అర్థము స్థిరపడినవి. ఈ క్రొత్తవి చెవినిబట్టి వచ్చినవి. డాక్టరు నోట ఒక యర్థము, మన నోట ఇంకొక యర్థము. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

ఇది మన కొక్కరికే వచ్చిన చిక్కు కాదు. అమెరికాలో స్పానిషు మాటలాడు కుటుంబములు లక్షలకొలది కలవు. ఆ భాషలో 'కాన్‌స్టిపాడో' యనగా జలుబు చేసినవాడు. ఇంగ్లీషులో దానిని పోలిన మాటకు మలబద్ధకమని యర్థము. 'ఎంబరసాడ' యనగా గర్భవతి. ఇంగ్లీషు చెవికి అది సిగ్గుపడినదని వినబడును. ఇవి నవ్వుకొనదగినవి. నవ్వరానిదియు నొకటి కలదు. 1980లో ఫ్లోరిడాలో పదునెనిమిదేండ్ల బాలు డొకడు స్పృహతప్పగా ఆసుపత్రికి తెచ్చిరి. తినినదేదియో పడలేదను భావముతో ఇంటివారు 'ఇంటాక్సికాడో' అనిరి. అచ్చటివారు దానిని మత్తుమందు మింగినాడని గ్రహించి, ఆ చికిత్సయే చేసిరి. నిజమునకు వాని మెదడులో రక్తము చిమ్మియుండెను. అది బయటపడునప్పటికి కాలుసేతులు నాలుగును చచ్చుబడినవి. పిమ్మట సుమారు 7 కోట్ల 10 లక్షల డాలర్ల పరిహారము కుదిరినదట. ఆ సొమ్ముతో కాలుసేతులు తిరిగివచ్చునా?

మన యిండ్లలో ఇట్టి మాటలు లేవా? మొదటిది గ్యాసు. రొమ్ములో మంట, బరువు, త్రేనుపు, వీపు నొప్పి – అన్నిటికి ఇదే పేరు. వాము నమలుట, సోడా త్రాగుట, తెల్లవారువరకు ఓర్చుకొనుట. గుండెపోటు ఆడువారియందు ఒక్కొక్కప్పుడు రొమ్మునొప్పి లేకయే ఆయాసముగను, దవడ నొప్పిగను, వాంతి వచ్చునట్లును కనబడును. అట్టియెడ "గ్యాసు పట్టినది" అని మనమే తీర్పు చెప్పి దవాఖానా వాకిట నిలిచినచో వినువాడును ఆ త్రోవనే పోవచ్చును.

రెండవది స్ట్రోకు. ఇంగ్లీషులో ఈ మాటకు దెబ్బ యని యర్థము. మన వడదెబ్బలోని దెబ్బ వంటిదే. వైద్యులు దీనిని మెదడుకు తగిలిన దెబ్బకు, అనగా పక్షవాతమునకు వాడుదురు. మనవారు 'హార్టు స్ట్రోకు' అనుచు గుండెకు తగిలించిరి. ఇందువలన నష్టమేమందురా? మెదడులోని నాళమున గడ్డ అడ్డుపడి వచ్చిన పక్షవాతమునకు, గడ్డను కరిగించు మందును తొలి నాలుగున్నర గంటలలో ఇయ్యవలెను. అందరికిని అది తగదు. తగినవారికి ఆ గడువు దాటరాదు. మూతి ఒకవైపు వంకరపోయినది, ఎత్తిన చేయి జారిపోవుచున్నది, మాట ముద్దగా వచ్చుచున్నది – ఈ మూడు తెలుగు వాక్యములు 108 వారికి ఫోనులో చెప్పిన చాలును. స్ట్రోకు అను మాట రాకపోయినను కొదువలేదు.

బీపీ యందును చిన్న చిక్కు కలదు. చెమటలు పట్టి కండ్లు తిరిగిన ప్రతివారికిని "బీపీ డౌను" అని ఉప్పువేసిన మజ్జిగ త్రాగింతుము. చక్కెరవ్యాధికి మందు వాడువారైనచో అది రక్తములోని చక్కెర తగ్గుట కావచ్చును. అప్పు డిమ్మనవలసినది చక్కెరనీరు.

ఇక స్త్రీలమైన మనము గొంతు తగ్గించి చెప్పుకొను మాట 'పెద్దాపరేషను'. ఒక యింట అది కడుపు కోసి బిడ్డను తీయుట. ఇంకొక యింట గర్భసంచి తీసివేయుట. 2015–16 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకొన్న స్త్రీల నిష్పత్తిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలే దేశమున ముందువరుసలో నుండినవి. వారిలో పలువురికి తమ శరీరమునుండి ఏది తీసిరో తెలియదు. గర్భసంచితోపాటు అండాశయములనుగూడ తీసినచో ముట్లుడుగుట ఒక్కసారిగా వచ్చిపడును; ఎముకలు త్వరగా గుల్లబారును. అండాశయములను ఉంచినను ముట్లుడుగు వయస్సు ముందుకు జరుగుట కలదు. ఏబదియేండ్లకే నడుము వంగినచో "మా వంశములో ఇంతే" అనుకొందుము. ఆపరేషను నాటి కాగితము పెట్టెలో నున్నదా యని మా చదువరులు నేడే వెదకవలెనని కోరుచున్నాము. లేనియెడల చేసినచోట అడిగి తెచ్చుకొనుడు.

చాదస్తమనునది మనకు ముద్దుమాట. అత్తగారు చెప్పినదే చెప్పిన చాదస్తము. కాని పొయ్యి ఆర్పుట మరచుట, తెలిసిన త్రోవలో తప్పిపోవుట, కన్నకొడుకు పేరు తడుముకొనుట చాదస్తము కావు. దానికి డిమెన్షియా యని వైద్యులు పేరిడిరి. ఇది వయస్సుతో అందరికిని వచ్చితీరు గుణము కాదు, వ్యాధి. పేరు తెలిసిన కోడలు అత్తగారిని కసరుట మానును. ఇంగ్లీషు మాట నేర్చినందువలన ఇంత మేలు కలుగు చోటు మాకు మరియొకటి కనబడలేదు.

కంటి శుక్లమును ఇచ్చటివారు మోతిబిందు అందురు. ముత్యపు బొట్టని యర్థము. అరబ్బు వైద్యులు కంటిలోనికి నీరు దిగుటయని తలచి దానికి ఆ పేరే పెట్టిరి. మధ్యయుగములలో ఆ గ్రంథములను లాటినులోనికి మార్చినవారు జలపాతమను అర్థముగల మాటను వాడిరి. అదియే ఇంగ్లీషు 'కాటరాక్టు'. పిల్లల భూగోళపుస్తకములో నేటికిని ఆ మాటకు జలపాతమనియే అర్థము. జర వచ్చిన కంటికి సీమవారు ఝర పేరు పెట్టిరి! శుక్లము ముదిరి పండువరకు వేచియుండవలెనను మాట పాతది. చూపు పనికి అడ్డము వచ్చినప్పుడే తీయించుకొనవచ్చును. 2018 ఆగస్టు 15న తెలంగాణ ప్రభుత్వము 'కంటి వెలుగు' మొదలుపెట్టి ఊరూర కన్నులు పరీక్షించినది. ఆ పేరు ఎవ్వరికిని విడమరచి చెప్పవలసిన పని లేకపోయెను. పేరు పెట్టువారికి మనసున్నచో తెలుగు చాలును.

ఝరాసంగము మండలములోని మాచునూరున 2008 అక్టోబరు 15న 'సంఘం రేడియో' ప్రారంభమైనది. పస్తాపురములోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళాసంఘములకు చెందిన దళిత స్త్రీలు దానిని చేతబట్టి, తమ యాసలోనే విత్తనములు, పంటలు, ఆకుమందులు, పాటలు వినిపించిరి. కొఱ్ఱ, సామ వంటి ధాన్యములను గూర్చి చదువుకొన్నవారు మరచినకొలదియు వారు మరువలేదు. అట్టి మైకు ముందు మండలపు నర్సమ్మయు, గుండము మెట్లమీది అవ్వయు ఎదురెదురుగా కూర్చుండి, బీపీ యనగా నేమో, గ్యాసు కానిది ఎట్లుండునో, పెద్దాపరేషనులో ఏమేమి తీయుదురో జర నెమ్మదిగా చెప్పుకొనుచుండగా వినవలెనని మాకు కోరిక.