రోజుకో బెండు

మా అన్నయ్యకి 19 ఏళ్లు, నాకు 46. అచ్చుతప్పు కాదు. ఓక్లాండ్ చైనాటౌన్‌లో నేను వింగ్ చున్ కుంగ్‌ఫూ నేర్చుకునే చోట గురువుని సీఫూ అంటారు. ఆయన గురువు సీగుంగ్, అంటే తాత వరస. మనకన్నా ముందు చేరినవాడు సీహింగ్, అన్న. తర్వాత చేరినవాడు సీదాయ్, తమ్ముడు. వయసుతో పనిలేదు, చేరిన తేదీయే లెక్క. కాలేజీ రెండో ఏడు చదువుతున్న ఆ కుర్రాడు నాకన్నా నాలుగేళ్లు ముందు చేరాడు కనక అన్న. ఫ్రీమాంట్‌లో బార్ట్ రైలెక్కి, లేక్ మెరిట్ స్టేషన్లో దిగి, వీపున ఆఫీసు సంచీతో నేను మెట్లెక్కి వెళ్లగానే ముందు అతనికి నమస్కారం పెట్టాలి. పుట్టింది మొదలు వరసలు పెట్టి పిలుచుకున్నవాళ్లం, ఆ మాత్రం అలవాటు కాకపోతుందా!

అక్కడ నేనొక్కణ్ణే ఇండియా వాణ్ణి. చేరిన కొత్తలో ఒక పెద్దాయన, "ఇదంతా మీ బోధిధర్ముడు పెట్టిన భిక్షే కదా" అన్నాడు. ఛాతీ ఉప్పొంగింది. ఇంటికొచ్చి చదివితే, షావోలిన్ విద్యకి ఆయన్ని మూలపురుషుడిగా చెప్పే పుస్తకం ఆయన పోయిన వెయ్యేళ్లకి పైగా గడిచాక పుట్టిందట. ఉప్పొంగిన ఛాతీ యథాస్థానానికి వచ్చింది.

రెండున్నరేళ్లు శ్రద్ధగా నేర్చుకున్నాను. పాదం కదపకుండా నిలబడి చేసే మొదటి పాఠం సియు నిమ్ టావ్, ఎదుటివాడి గుద్దుని అరచేత్తో పక్కకి చరిచే పాక్ సావ్, ఇద్దరూ ముంజేతులు ఆనించి తిప్పుతూ సందు దొరికితే దూరే చీ సావ్. చీ సావ్‌లో నాకు మంచి పేరే వచ్చింది. కళ్లు మూసుకుని కూడా చేసేవాణ్ణి.

ఆ పేరు ఒక శనివారంతో పోయింది. సీఫూ స్నేహితుడొకాయన బాక్సింగ్ నేర్చుకుంటున్న తన శిష్యుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. సరదాగా, తేలిగ్గా ఆడదామన్నారు. నేనే ముందుకెళ్లాను. తప్పు ఎవరిమీదా నెట్టను. నా చేతులకి ఇంకో చెయ్యి తగిలితే తప్ప ఏం చెయ్యాలో తెలీదు. ఆ కుర్రాడేమో తగలనిస్తేగా! బారెడు దూరంలో నిలబడి, వచ్చి కొట్టి, మళ్లీ బారెడు దూరం పోతున్నాడు. నా చేతులు అతని చేతుల కోసం గాల్లో తడుముకుంటుంటే, అతని ఎడమ పిడికిలికి మాత్రం నా ముక్కు తడుముకోకుండానే దొరికింది. రెండుసార్లు.

మర్నాడు విజయనగరం నుంచి అమ్మ వీడియో కాల్. "ఒరే నాన్నా, ఆ ముక్కేమిట్రా అలా ఉంది?" తలుపు తగిలిందన్నాను. "తలుపుకి నీ ముక్కే కావలసొచ్చిందా" అంది. నమ్మలేదు. మా ఆవిడ పక్కనుంచి నవ్వు ఆపుకోడానికి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ రాత్రి మొదలుపెట్టాను, వెతుకులాట. సాధన నుంచి స్పారింగ్‌లోకి, అంటే నిజంగా తలపడటంలోకి, ఎలా వెళ్లాలో చూపించే వీడియో కావాలి నాకు. నెలరోజులపాటు, పిల్ల పడుకున్నాక, లాప్‌టాప్ ముందు కూర్చుని చూడనిది లేదు. దొరికినవి రెండు కుప్పలు.

మొదటి కుప్ప పాఠాలు. శుభ్రమైన గది, మెత్తని వెలుతురు, నల్లబట్టల్లో గురువు. శిష్యుడొకడు గుద్దు విసిరి, చెయ్యి వెనక్కి తీసుకోకుండా దండెంలా అలాగే చాపి ఉంచుతాడు. గురువుగారు ఆ దండెం మీద తీరిగ్గా బట్టలారేసుకున్నట్టు ఒక పట్టు, ఒక చరుపు, కంఠానికో దెబ్బ, మోకాలికో తన్ను, అన్నీ పూర్తిచేస్తారు. శిష్యుడు అప్పటికీ చెయ్యి దించడు. ఎంత భక్తి!

రెండో కుప్ప కొట్లాటలు. 2017లో చెంగ్‌డూలో షూ షియావ్‌డాంగ్ అనే పోటీ యోధుడు ఒక తాయిచీ గురువుని ఇరవై సెకన్లలోపే కింద పడేశాడు. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. అలాంటివి కొల్లలు. అవి చూస్తే కుంగ్‌ఫూ పనికిరాదని మాత్రం తెలుస్తుంది. పనికొచ్చేలా చేసుకోవాలంటే రేపు పొద్దున ఏం చెయ్యాలో తెలీదు. మొదటి కుప్పకీ రెండో కుప్పకీ మధ్య నిచ్చెన ఉండాలి కదా, అది ఎవరూ తీయలేదు.

ఈ వెతుకులాటలో ఒక పాత నలుపు తెలుపు ఫిల్మ్ తగిలింది. 1954 జనవరి, మకావ్. తాయిచీ గురువు వూ గోంగ్‌యీ ఒకవైపు, తెల్లకొంగ పద్ధతి నేర్పే చాన్ హక్‌ఫూ ఒకవైపు. అంతకుముందు క్రిస్మస్ రాత్రి హాంకాంగ్ షెక్ కిప్ మే గుడిసెల్లో మంటలు లేచి వేలమంది నిలువనీడ కోల్పోయారు. వాళ్లకి చందాల కోసం జరిగిన పోటీ అది. ఇద్దరూ పేరు మోసిన గురువులే. తీరా బరిలోకి దిగాక కొంగ ముక్కూ లేదు, మేఘాల్లాంటి చేతులూ లేవు. తలలు వెనక్కి పెట్టి, చేతులు ఇష్టమొచ్చినట్టు ఊపుతూ, పెళ్లిపందిట్లో పిల్లలు తగువాడుకున్నట్టు కొట్టుకున్నారు. చాన్ ముక్కు నుంచి రక్తం. రెండో రౌండులోనే ఆపేసి, గెలుపోటములు లేవనేశారు. నవ్వడానికి చెప్పడం లేదిది. నాకు ఓదార్పుగా అనిపించింది. జీవితమంతా సాధన చేసినవాళ్ల చేతులే ఆ క్షణాన పాఠం మర్చిపోతే, రెండున్నరేళ్లవాడి ముక్కెంత!

మా ఓక్లాండ్‌కీ ఒక కథ ఉంది. 1964లో బ్రూస్ లీ ఇక్కడ బ్రాడ్వే మీద కుంగ్‌ఫూ బడి నడిపాడు. ఆ ఏడాది చివర్లో వాంగ్ జాక్ మాన్ అనే ఇంకో కుంగ్‌ఫూ గురువుతో తలపడ్డాడు. మూడు నిమిషాల్లో తేలిపోయిందని ఒకవైపువాళ్లు, ఇరవై నిమిషాలు సాగిందని రెండోవైపువాళ్లు. ఆ గదిలో కెమెరా లేదు. గెలిచానని చెప్పుకున్నా బ్రూస్ లీకి తృప్తి లేదని, అంతసేపు పట్టడం, ఆయాసం రావడం మనసులో గుచ్చుకుందని, అక్కణ్ణుంచే తన పద్ధతి మార్చుకున్నాడని భార్య లిండా రాసింది. అంతటివాడికే మధ్య మెట్టు కోసం వెతుక్కోవలసి వచ్చింది.

కుస్తీలో ఈ గొడవ లేదు. మా విజయనగరం మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడుగారు పెరిగిన ఊరు. అక్కడి తాలింఖానాల గురించి వింటూ పెరిగాను. గోదాలో మొదటి రోజే ఎదుటివాడు బలంకొద్దీ తోస్తాడు. గుద్దులు లేవు కాబట్టి పూర్తి బలం పెట్టినా ముక్కులు పగలవు. జపాన్‌లో కానో జిగోరో 1882లో జూడో మొదలుపెట్టినప్పుడు చేసిందీ అదే. ప్రమాదమైన దెబ్బల్ని పక్కనబెట్టి, మిగిలినవాటితో నిజంగా పెనుగులాడనిచ్చాడు. మాది గుద్దుల విద్య. పూర్తి బలంతో చేస్తే ఆసుపత్రి, చెయ్యకపోతే దండెం.

జవాబు చిన్నప్పటి బావిలో దొరికింది. మా తాతగారి ఊళ్లో మెట్లబావి ఉండేది. ఈత రానివాడి నడుముకి బెండ్లు కట్టి దింపేవాడు మా చిన్నాన్న. మొదటి రోజు నాలుగు. నీళ్లంటే భయం పోయాక ఒకటి తీసేవాడు. మునిగి నీళ్లు తాగితే కోప్పడేవాడు కాదు, మళ్లీ కట్టేవాడు. ఆఖరి బెండు ఎప్పుడు తీశాడో నాకు తెలీదు. అవతలి గట్టు పట్టుకుని వెనక్కి చూస్తే అది ఆయన చేతిలో ఉంది.

ఆ కళ్లతో వెతికితే కొన్ని దొరికాయి. అమెరికన్ శిక్షకుడు మాట్ థార్న్‌టన్ ఏళ్ల తరబడి చెప్పేది ఇదే: ముందు పరిచయం చెయ్యి, తర్వాత ఆ ఒక్క ముక్కనే విడదీసి ఎదురు బలం మీద సాధన చెయ్యి, ఆ తర్వాత మొత్తం ఆటలో కలుపు. వింగ్ చున్ వాళ్లని పోటీ కేజ్‌లోకి దింపిన అలన్ ఓర్ వీడియోలూ పనికొచ్చాయి. తీరా చూస్తే మా పాతవాళ్ల దగ్గరే ఈ మెట్టు ఉంది. హాంకాంగ్‌లో రహస్యంగా జరిగిన బేమో పోటీల్లో పేరు తెచ్చుకుని, బ్రూస్ లీకీ నేర్పిన వాంగ్ షున్ ల్యుంగ్ పరంపరలో చీ సావ్ తర్వాత గ్వో సావ్ అని ఒకటుంది. ఆనించిన చేతులు వదిలేసి, దూరం నుంచి మొదలుపెట్టి, ముందుగా అనుకోకుండా ఆడటం. మా సీఫూని అడిగితే, "నువ్వు అడగలేదుగా" అన్నాడు.

అన్నయ్యా నేనూ మొదలుపెట్టాం, పాక్ సావ్‌తోనే. ఇదివరకు అతను లెక్కపెట్టినట్టు కుడిచేత్తో కొడితే నేను చరిచేవాణ్ణి, నూటికి నూరు. మొదటి బెండు తీశాం. గుద్దు అదే, చెయ్యి అదే, కానీ ఎప్పుడు కొట్టాలో అతని ఇష్టం, కొట్టగానే చెయ్యి వెనక్కి లాగేసుకోవాలి. అంతే మార్పు. పదింటికి నాలుగు ఆపగలిగాను. రెండున్నరేళ్ల విద్యలో అరవై శాతం అతని మర్యాదేనని అప్పుడు తెలిసింది. రెండు వారాలకి ఏడు ఆపుతుంటే ఇంకో బెండు తీశాం, కాళ్లు కదపొచ్చు. మళ్లీ మూడుకి పడిపోయాను. తర్వాత, నేరుగా కొడతాడో పక్కనుంచి కొడతాడో చెప్పడు. ఆ తర్వాత, నేను ఆపలేకపోతే ఆగడు, రెండోది కూడా కొడతాడు. చివరికి నేనూ కొట్టొచ్చు. 16 ఔన్సుల గ్లవ్స్, నోట్లో మౌత్ గార్డ్. ఇద్దరం ఒక మాట అనుకున్నాం: దెబ్బ ముక్కుకి తెలియాలి, మర్నాటి ఆఫీసుకి తెలియకూడదు. ఎవరికైనా ఊపిరి బిగిసి, కళ్లు మూసుకుపోతున్నాయంటే ఒక బెండు మళ్లీ కట్టేయడమే. నాకు చాలాసార్లు కట్టారు.

ఈ మధ్యభాగం వీడియోల్లో ఎందుకు కనబడదో కూడా అప్పుడే అర్థమయింది. చూడ్డానికి ఏమీ బాగుండదు. మా సాధన ఒకరోజు ఫోన్లో తీసి చూసుకుంటే, ఇద్దరు మనుషులు నలభై నిమిషాలపాటు ఒకే తప్పు చేస్తున్నారు. అందంగా ఎడిట్ చేసేవాడెవడైనా కత్తెరపెట్టి పారేసేది సరిగ్గా ఆ నలభై నిమిషాలే.

మీలో ఎవరైనా ఇలాంటివి వెతుకుతుంటే, గురువుని చూడకండి, ఎదుటివాణ్ణి చూడండి. గుద్దిన చెయ్యి వెనక్కి తీసుకుంటున్నాడా? కాళ్లు కదులుతున్నాయా? గురువు పొరపాటు చేస్తే కొడుతున్నాడా? గురువుకి ఆ వీడియోలో ఒక్క దెబ్బైనా తగలకపోతే కట్టేసి పడుకోండి, నిద్రైనా దక్కుతుంది.

మా అన్నయ్య వచ్చే సెమిస్టర్‌కి శాన్ డియేగో వెళ్లిపోతున్నాడు. నాకు జోడీ కావాలి. ఫ్రీమాంట్ చుట్టుపక్కల ఉన్నవాళ్లు, నలభై దాటినవాళ్లయితే మరీ మంచిది, కరాటే అయినా బాక్సింగ్ అయినా ఫరవాలేదు, శనివారం పొద్దున ఏడింటికి లేక్ ఎలిజబెత్ పార్కుకి రండి. గ్లవ్స్ నా దగ్గర రెండు జతలున్నాయి. మౌత్ గార్డ్ మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.