‘సెటిల్’ – ఒక క్రియాపదం, పలు అర్థాలు

దాదాపు ఇరవై ఏళ్ల క్రితం, రెవెన్యూ శాఖలో కొత్తగా చేరిన రోజుల్లో, కోస్తాలోని ఒక మండల కార్యాలయంలో పనిచేస్తూ ఉండగా ఒక వృద్ధురాలి అర్జీ నా బల్లమీదికి వచ్చింది. తన భర్త బతికినన్నాళ్లూ సాగుచేసిన ఎకరం పొలానికి పట్టా ఇప్పించవలసిందని ఆమె కోరిక. పాత ఫైలు తెప్పించి చూశాను. విషయం ‘సెటిల్’ అయినదనీ, ఫైలును మూసివేయవచ్చుననీ చివరి పుటలో ఒక ఆంగ్ల వాక్యం, దాని కింద ఒక పొట్టి సంతకం ఉన్నాయి. ప్రజలకు వారి భాషలోనే సమాధానమివ్వాలన్న పట్టుదల ఆ వయసులో నాకు మెండు. ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని శుభ్రమైన తెలుగులో ఎండార్సుమెంటు రాసి పంపించాను. తెలుగుకు కొంత సేవ చేసినట్లే భావించాను కూడా.

నెల తిరగకముందే ఆమె ఆ కాగితాన్ని ప్లాస్టిక్ సంచిలో మడిచి పెట్టుకొని వచ్చింది. ఎవరిచేతనో చదివించుకున్నదట. గుమ్మం దగ్గరే నిలబడి, “పరిష్కారం అయిపోయిందని రాశారంట గదయ్యా, మరి నా పొలం కాగితమేదీ?” అని అడిగింది. ఏ ఊరని అడిగితే, “మాది సెటిల్మెంటయ్యా” అన్నది. ఆ ప్రాంతంలో ఆ మాట ఊరి పేరు.

ఆమె వెళ్లిన తరువాత ఆ కాగితాల ముందు చాలాసేపు కూర్చున్నాను. ఆమె పుట్టిన ఊరు సెటిల్మెంటు. ఆమె హక్కు తేలాలంటే నేను చూడవలసినది సెటిల్మెంటు రిజిస్టరు. ఆమె అర్జీకి పట్టిన గతి సెటిల్ కావడం. ఒక మనిషి జీవితాన్ని మూడు వైపుల నుంచి చుట్టుకున్న ఈ ఒక్క ఆంగ్ల క్రియాపదం, చరిత్ర విద్యార్థినైన నన్ను ఆనాటినుంచి వదలలేదు.

ఈ మాట పుట్టుక చాలా సాధారణమైనది. ప్రాచీన ఆంగ్లంలో ‘సెట్ల్’ అంటే ఆసనం. ఆసనంపై కూర్చోబెట్టడమే ఈ క్రియకు తొలి అర్థం. ఎత్తయిన వీపు గల చెక్కబల్లను ఆంగ్లంలో నేటికీ సెటిల్ అనే అంటారు. కూర్చోవడమనే అర్థం గల సంస్కృత ధాతువు ‘సద్’కూ దీనికీ దూరపు చుట్టరికం ఉన్నది. మన సదస్సు, సదనం, పరిషత్తు, ఉపనిషత్తు ఆ ధాతువు సంతానమే.

కూర్చోవడంతో మొదలైన మాట ఎంత దూరం నడిచిందో చూడండి. హోటల్లో బిల్లు సెటిల్ చేస్తాము; అది చెల్లించడం. తగవు సెటిల్ అవుతుంది, అది తీరడం. పెళ్లి సంబంధం సెటిల్ అవుతుంది; అది కుదరడం. కొత్త ఇంటి గోడ బీటలిస్తే, పునాది సెటిల్ అయిందంటాడు ఇంజనీరు; అది కుంగడం. తండ్రి తన ఆస్తిని కూతురి పేర సెటిల్ చేస్తాడు. మన రిజిస్ట్రేషను కార్యాలయాలలో ఆ పత్రానికి దఖలు దస్తావేజు అని పేరు. బురదనీటిలోని మట్టి సెటిల్ అవుతుంది. ఇక్కడ మాత్రం రెండు భాషల చూపులో తేడా ఉన్నది. ఆంగ్లం అడుగుకు దిగిన మట్టిని చూసింది. తెలుగు పైన తేటపడిన నీటిని చూసి, నీళ్లు తేరుకున్నాయన్నది. కష్టం నుంచి కోలుకున్న మనిషి విషయంలోనూ తేరుకున్నాడనే అంటాము.

పరిపాలనలో ఈ పదానికి దక్కిన పెద్దపీట భూమిశిస్తుకు సంబంధించినది. 1793లో కారన్‌వాలిస్ వంగదేశంలో ప్రవేశపెట్టిన ‘పర్మనెంట్ సెటిల్‌మెంట్’ను మన పాఠ్యపుస్తకాలు శాశ్వత శిస్తు విధానమన్నాయి. 1802లో అది ఉత్తర సర్కారులకు వచ్చింది. అక్కడ సెటిల్ అయినది కుంపిణీకి జమీందారు కట్టవలసిన పేష్కషు. జమీందారుకు రైతు ఎంత కట్టాలో, ఆ రైతు ఆ మట్టిమీద ఎన్నాళ్లుంటాడో సెటిల్ కాలేదు. 1800 నుంచి 1807 వరకు దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో నేరుగా రైతుతోనే ఒప్పందం జరగాలని వాదించాడు. అదే రైత్వారీ. శాశ్వతమని ప్రకటించిన ఏర్పాటు మన జిల్లాలలో దాదాపు 146 ఏళ్లు నడిచి, 1948 నాటి మద్రాసు ఎస్టేటుల రద్దు చట్టంతో ముగింపుకు వచ్చింది.

నిజాం రాజ్యంలో ఇదే పనికి ‘బందోబస్తు’ అని పేరు. ఆ పారశీక పదంలోని రెండు భాగాలకూ కట్టడమనే అర్థం. ఆంగ్లేయుడు కూర్చోబెట్టడమన్న పనినే పారశీకం కట్టివేయడమన్నదన్న మాట. నేడు బందోబస్తు అనగానే మనకు గుర్తుకు వచ్చేది పోలీసులు.

అయితే ఈ క్రియాపదం అతి కఠినంగా ప్రయోగింపబడినది భూమి విషయంలో కాదు, మనుషుల విషయంలో. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం చేసింది. 1911లో దానిని సవరించిన తరువాత మద్రాసు రాష్ట్రంలోనూ అమలు జరిగింది. ఉప్పు, ధాన్యం ఎడ్లమీదా గాడిదలమీదా వేసుకొని ఊరూరా తిరిగిన ఎరుకల కుటుంబాలు పుట్టుకతోనే నేరస్థులుగా నమోదయ్యాయి. వారిని ఒకచోట ఉంచడానికి ఏర్పడినవే సెటిల్మెంట్లు. బాపట్ల సమీపంలోని స్టూవర్టుపురం సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలోనూ, కావలి సెటిల్మెంటు అమెరికన్ బాప్టిస్టు మిషనరీల నిర్వహణలోనూ నడిచాయి. హాజరు పట్టీలో పేరు పలికించుకోవాలి. పొలిమేర దాటాలంటే అనుమతి చీటీ ఉండాలి. ఇక్కడ ‘సెటిల్’ సకర్మక క్రియ. కర్త ప్రభుత్వం, కర్మ మనిషి. 1952లో ఆ చట్టం రద్దయింది, వారు విముక్త జాతులయ్యారు. మాట మాత్రం ఊరి పేరుగా మిగిలిపోయింది. నా గుమ్మంలో నిలబడిన వృద్ధురాలి అత్తమామలు ఆ హాజరు పట్టీ కాలపు మనుషులు.

ఇంకొక చిత్రం చూడండి. 1931లో నిజాంసాగర్ పూర్తయిన తరువాత కోస్తా జిల్లాల రైతులు నిజామాబాదు ప్రాంతానికి వెళ్లి పొలాలు కొనుక్కున్నారు. వారు ‘సెట్లర్లు’ అయ్యారు. వారి మనుమలు అక్కడే పుట్టి, అక్కడే చదివి, అక్కడి మాటే మాట్లాడుతున్నా ఆ పేరు ఇంకా వారిని వదలలేదు. ఒకసారి సెట్లరు అయినవాడు సెటిల్ కావడం ఎన్నటికీ పూర్తి కాదేమో! తుంగభద్ర నీటి వెంట కర్ణాటకలోని సింధనూరు, గంగావతి ప్రాంతాలకు వెళ్లిన తెలుగు రైతుల పల్లెలకు నేటికీ ‘క్యాంపు’ అనే పేరు. మూడు తరాలు గడిచినా అది ఇంకా విడిదే.

ఇక మన ఇళ్లలోకి వస్తే, మా నాన్నగారు ఫోను చేసినప్పుడల్లా అడిగే మాట ఒకటున్నది. “మీ అక్కయ్య కొడుకు సెటిల్ అయినట్టేనా?” అని. ఉద్యోగం, ఇల్లు, పెళ్లి, వీలయితే అమెరికా, ఈ నాలుగూ కలిస్తే ఆయన దృష్టిలో సెటిల్ కావడం. ఊళ్లో ఉండి తండ్రి పొలం చూసుకుంటున్న కుర్రవాణ్ణి మాత్రం, “పాపం, ఇంకా సెటిల్ కాలేదు” అంటారు. పుట్టినచోట ఉన్నవాడు స్థిరపడనివాడు, పదివేల మైళ్లు వెళ్లినవాడు స్థిరపడినవాడు! నగరాలలోనైతే ఈ మాట మరింత దిగజారి, భూతగాదాలలో బెదిరించి ఒప్పించే పెద్దమనుషుల వృత్తికి పేరయింది. ఫలానావాడు సెటిల్మెంట్లు చేస్తాడంటే వెంటనే అర్థమవుతుంది.

ఇన్ని అర్థాలున్నందుకు ఆ పదాన్ని తప్పుపట్టను. వాడుకలో నలిగిన ప్రతి పదానికీ అర్థాలు పెరుగుతాయి. నన్ను ఆలోచింపజేసినది దాని వ్యాకరణం. ఆంగ్లంలో తానుగా సెటిల్ కావడానికీ, మరొకరు సెటిల్ చేయడానికీ క్రియారూపం ఒక్కటే. తెలుగు అలా ఊరుకోదు. కుదిరిందా, కుదిర్చారా? తీరిందా, తీర్చారా? అణగిందా, అణచారా? ఏదో ఒకటి తేల్చి చెప్పమంటుంది. తీర్చేవాడొకడున్నాడని గుర్తుచేస్తుంది కనుకనే న్యాయస్థానం మాటకు ‘తీర్పు’ అని పేరు వచ్చింది.

మరి నేను చేసినదేమిటి? ఆ తెలుగు నా చేతిలో ఉండగా, ‘పరిష్కరించబడినది’ అని రాశాను. ఎవరు పరిష్కరించారు, ఎప్పుడు, ఎవరి పక్షాన? ఈ ప్రశ్నలన్నింటినీ ఆ ‘బడినది’ కింద దాచాను. ఆంగ్ల పదాన్ని తొలగించాను గాని, దాని చాటును మాత్రం భద్రంగా తెలుగులోకి తెచ్చాను. 1966లో వచ్చిన మన అధికార భాషా చట్టం కోరినది ఇటువంటి తెలుగును కాదని ఇప్పుడు నాకు తెలుసు.

తరువాత ఆ ఫైలును మొదటి పుట నుంచి చదివాను. ఎవరూ దేనినీ తీర్చలేదు. పై కార్యాలయం కొన్ని వివరాలు అడిగింది. కింద ఎవరూ పంపలేదు. ఏడాది చివర పెండింగు లెక్క తగ్గించవలసి వచ్చినప్పుడు ఒక చేయి ఆ ఆంగ్ల వాక్యం రాసింది. ఆ చేతిని నిందించే అర్హత నాకు లేదు. చదవకుండా అనువదించినవాణ్ణి నేను. సర్వేయరును వెంటబెట్టుకొని వెళ్లి, పొలం కొలిపించి, అడంగలు, సెటిల్మెంటు రిజిస్టరు జతచేసి కొత్త ప్రతిపాదన పంపించాను. ఆమెకు కూడా రెండో ఎండార్సుమెంటు రాశాను: ‘మీ పొలం విషయం ఇంకా తేలలేదు. ముందు రాసినది నా పొరపాటు. కాగితాలు ఈ రోజు పై కార్యాలయానికి పంపాను.’ ఆ భాష ఆఫీసు మర్యాదకు తగదని మా సూపరింటెండెంటుగారు కొంత నొచ్చుకున్నారు.

పని తేలకముందే నాకు బదిలీ అయింది. కొన్నేళ్ల తరువాత అక్కడ పట్టాలు ఇచ్చారని ఒక సహోద్యోగి చెప్పారు. జాబితాలో ఆమె కొడుకు పేరున్నదట. ఆమె పేరు ఉండవలసిన అవసరం అప్పటికే తీరిపోయింది.

ఇప్పటికీ నా ముందుకు వచ్చే ముసాయిదాలలో ‘బడినది’ కనిపిస్తే కలం ఆగుతుంది. ఎవరు చేశారో రాయమని పక్కన చిన్న గీత గీస్తాను. ఆ వృద్ధురాలు తలపుకు వచ్చినప్పుడల్లా మరొక సంగతి కూడా గుర్తుకు వస్తుంది. ఆసనం నుంచి పుట్టిన పదం గురించి ఇంత చదివిన నేను, ఆ రోజు నా గదిలో రెండు ఖాళీ కుర్చీలున్నా ఆమెను కూర్చోమనలేదు.