నూనెలో టర్కీ... నిప్పుతో జాగ్రత్త!
నవంబరు నాలుగో గురువారం అమెరికాలో థ్యాంక్స్‌గివింగ్. ఆ రోజు భోజనంలో టర్కీ కోడి ఉండాల్సిందే. చాలామంది ఓవెన్‌లో గంటల తరబడి కాలుస్తారు. లూసియానా వాళ్లయితే కోడిని కోడిగానే కాగే వేరుశనగ నూనెలో దించేస్తారు! పైన కరకర, లోపల మెత్తన. అయిదున్నర కిలోల కోడి ముప్పావు గంటలో సిద్ధం.

అయితే, గారెల మూకుట్లో నీటిచుక్క పడితే ఎంత చిటపటో మనకు తెలుసు. నీరు ఆవిరైతే సుమారు 1700 రెట్లు వ్యాకోచిస్తుంది. కోడి లోపల మంచు మిగిలితే నూనె పొంగి మంటలో పడుతుంది. అమెరికాలో వంట వల్ల ఇళ్లు అంటుకునేది అందరికంటే ఎక్కువగా ఆ పండగనాడే.

అందుకే మూడురోజుల ముందే కోడిని ఫ్రీజర్‌లోంచి ఫ్రిజ్‌లోకి మార్చాలి. ఉప్పు, కారం ముందురోజు రాత్రే చర్మం కింద పట్టిస్తే రుచి బాగా దిగుతుంది. వేయించేముందు లోపలా బయటా పొడిగుడ్డతో తుడవాలి. గిన్నెలో కోడిని పెట్టి, మునిగేదాకా నీళ్లుపోసి, కోడిని తీసేశాక నీళ్లు ఎక్కడికి వచ్చాయో గుర్తుపెట్టుకుంటే చాలు... నూనె అంతే! ఆ నీళ్లు పారబోసి గిన్నెను పూర్తిగా ఆరనివ్వాలి.

పొయ్యి ఆరుబయటే, ఇంటికి కనీసం పదడుగుల దూరంలో ఉండాలి. పిల్లలు దగ్గరికి రాకూడదు. నూనె 175 డిగ్రీల సెల్సియస్‌కు రాగానే మంట ఆర్పి, కోడిని మెల్లగా దించి, మళ్లీ వెలిగించాలి. తొడ లోపల 74 డిగ్రీలు చేరితే ఉడికినట్లే. నూనె అంటుకుంటే మాత్రం నీళ్లు అసలు పోయకూడదు.

ఇంత ఓపిక లేదంటారా... ఓవెనే నయం!