బొజ్జన్నకొండకి ఏ బండెక్కాలి?

సంక్రాంతి అరిసెల డబ్బాలు సర్దుతూ అమ్మ ఉన్నట్టుండి అడిగింది. "ఒరే, ఆ బొజ్జన్నకొండ ఒక్కసారి చూపించరా. ఈ మోకాళ్ళు పూర్తిగా మొండికేయకముందే ఎక్కాలనుంది."

నాకు ఆశ్చర్యమేసింది. అమ్మ పుట్టింది అనకాపల్లి దగ్గర పల్లెలోనే. ఆ కొండ పక్కన పెరిగిన మనిషికి నేను చూపించడమేంటి? అదే అడిగితే అసలు సంగతి చెప్పింది. ఏడెనిమిదేళ్ళప్పుడు కనుమ తీర్థానికి ఒకే ఒక్కసారి వెళ్ళిందట. కనుమనాడు ఎడ్లని బండికి కట్టకూడదు కాబట్టి అందరూ నడిచే బయల్దేరారట. కనుమనాడు కాకి కూడా కదలదంటారు గానీ, ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మాత్రం కదిలేవారన్నమాట. సగం దూరం తాతయ్య భుజాల మీద కూర్చుని వెళ్ళిన అమ్మ, కొండ దగ్గర దిగి, అందరితోపాటు తనూ రాళ్ళు విసిరింది.

"రాళ్ళెందుకమ్మా?"

"అక్కడ బొజ్జేసుకుని రాక్షసుడున్నాడని చెప్పారు. విసిరాను. అంతే. కొండెక్కలేదు, లోపలేముందో చూళ్ళేదు."

అక్కడున్నది రాక్షసుడు కాదు, బౌద్ధ స్తూపాలు. బొజ్జలా గుండ్రంగా కనబడేసరికి ఎప్పుడో ఎవరో కట్టిన కథ అది. తరాల తరబడి కనుమనాడు అక్కడ రాళ్ళు పడుతూనే ఉండేవి. ఇంటాక్ వాళ్ళు, పోలీసులు కలిసి జనానికి నచ్చజెప్పి ఆ అలవాటు మాన్పించడానికి చాలా కష్టపడాల్సి వచ్చింది.

సరే, తీసుకెళ్దాం అనుకున్నాను. మరి ఎలా? మాది విశాఖలో అక్కయ్యపాలెం. కొండ దాకా సుమారు 40 కిలోమీటర్లు. మాకు కారు లేదు. యాప్‌లో క్యాబ్ చూస్తే, రానూపోనూ, మధ్యలో ఆగినందుకూ కలిపి రెండు వేలు దాటింది. "రెండు వేలా! నెల పాలొచ్చేస్తాయి," అని అమ్మ అక్కడికక్కడే కొట్టిపారేసింది. ఇక మిగిలినవి బైకు, రైలు, బస్సు. ఆరేళ్ళుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నవాడిని, ఊరికే ఉంటానా? లాప్‌టాప్‌లో ఒక షీటు తెరిచి ఖర్చు, సమయం, నడక అని మూడు గళ్ళు గీశాను. అమ్మని తీసుకెళ్ళే ముందు నేనొక్కడినే వెళ్ళి చూసొద్దామనుకున్నాను. "గుడికెళ్ళడానికి కూడా టెస్టింగ్ చేసేలా ఉన్నావే," అని బావ నవ్వాడు.

మొదటిసారి: బైకు

ఆదివారం ఉదయం ఆరింటికి బయల్దేరాను. తాటిచెట్లపాలెం దగ్గర హైవే ఎక్కి ఎన్‌ఏడీ ఫ్లైఓవర్, ఎయిర్‌పోర్టు దాటేదాకా హాయిగా ఉంది. షీలానగర్ దగ్గర పోర్టు రోడ్డు వచ్చి కలుస్తుంది కదా, అక్కణ్ణుంచి కంటెయినర్ లారీలు తోడవుతాయి. గాజువాక, స్టీల్‌ప్లాంటు ముఖద్వారం ఉన్న కూర్మన్నపాలెం, లంకెలపాలెం... ఈ మూడూ దాటితే ఊపిరి పీల్చుకోవచ్చు. గంటా పది నిమిషాల్లో అనకాపల్లి చేరాను. అక్కణ్ణుంచి శంకరం గ్రామం మూడు కిలోమీటర్ల పైచిలుకు. బండి తిన్నగా కొండ కిందే ఆపాను.

శంకరం అంటే శివుడి పేరనుకుంటాం. 'సంఘారామం' అనే మాటే నలిగి శంకరం అయిందని చెబుతారు. సంఘారామమంటే బౌద్ధ భిక్షువులు ఉండే చోటు. ఇక్కడ పక్కపక్కనే రెండు గుట్టలున్నాయి. తూర్పున ఉన్నది బొజ్జన్నకొండ, పడమర ఉన్నది లింగాలకొండ. క్రీస్తుశకం 4వ శతాబ్దం నుంచి 9వ శతాబ్దం దాకా ఇక్కడ బౌద్ధం వెలిగింది. హీనయానం, మహాయానం, వజ్రయానం మూడు దశలూ ఈ రెండు గుట్టల మీదే నడిచాయి. 1907 ప్రాంతంలో అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు జరిపించాడు. అప్పుడు దొరికిన వాటిలో సముద్రగుప్తుడి బంగారు నాణెం కూడా ఉంది. ఎక్కడి గుప్తులు, ఎక్కడి అనకాపల్లి! అంత దూరం ఆ నాణెం ఎన్ని చేతులు మారి వచ్చిందో.

మెట్లెక్కితే మొదట గుహలొస్తాయి. అన్నిటికన్నా పెద్ద గుహలో 16 స్తంభాలు, మధ్యలో స్తూపం. స్తంభాలు తెచ్చి నిలబెట్టినవి కావు, స్తూపం పేర్చి కట్టినదీ కాదు. అంతా ఒకే కొండరాయి. అక్కర్లేని రాయి తొలిచేసి, కావలసినంత వరకూ మిగిల్చారు. ఒక్క దెబ్బ ఎక్కువ పడితే దిద్దుకోవడానికి లేదు. మా పనిలో తప్పు చేస్తే కీబోర్డు మీద రెండు మీటలు నొక్కి వెనక్కెళ్ళిపోతాం. ఉలి పట్టుకున్నవాడికి ఆ వెసులుబాటు లేదు. ద్వారానికి అటూ ఇటూ ద్వారపాలకులు, పై అంతస్తులో బుద్ధుడి విగ్రహాలు. ఇంకా పైకెళ్తే గుట్ట నెత్తిన ప్రధాన స్తూపం. దాని అడుగు భాగం కొండలోంచే చెక్కి, పైన ఇటుకతో కట్టారు. చుట్టూ చిన్నచిన్న మొక్కుబడి స్తూపాలు. పక్కనున్న లింగాలకొండ అయితే మొత్తం స్తూపాలే, వరసలు వరసలుగా. అవి లింగాల్లా కనబడబట్టే ఆ పేరు.

నగరంలోనే తొట్లకొండ, బావికొండ ఉండగా ఇంత దూరం ఎందుకని అడిగేవాళ్ళకి నా జవాబు ఇదే. అక్కడ మనకి మిగిలినవి ఎక్కువగా కట్టడాల పునాదులు. ఒకప్పుడు ఎలా ఉండేదో ఊహించుకోవాలి. ఇక్కడ ఊహించుకునే పని తక్కువ, కొండే కట్టడమై ఎదురుగా నిలబడింది.

తిరిగి ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. పెట్రోలు రెండొందల లోపు. వెనక మూడు కిలోమీటర్ల బెంగ లేదు. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి, ఇద్దరు స్నేహితులకి బైకుని మించింది లేదు. మధురవాడ వైపు ఉండేవాళ్ళైతే గాజువాక మొహం చూడకుండా ఆనందపురం, పెందుర్తి మీదుగా ఆరు వరసల బైపాస్‌లో రావచ్చు. కానీ మోకాళ్ళ నొప్పులున్న అమ్మని వెనక కూర్చోబెట్టుకుని, లారీల మధ్య 80 కిలోమీటర్లు? షీటులో ఆ వరస కొట్టేశాను.

రెండోసారి: రైలు

పట్టాల మీద విశాఖ నుంచి అనకాపల్లి 33 కిలోమీటర్లే. పొద్దున్నే సింహాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. జనరల్ టికెట్టు 30 రూపాయలు. దువ్వాడ, తాడి దాటి గంటలోపే అనకాపల్లిలో దింపేసింది. సమయంలో, ఖర్చులో రైలే నెగ్గింది. షీటులో ఆకుపచ్చ రంగు వేసేద్దామనుకున్నాను.

అప్పుడు దిగి చూశాను. కాదు, 'దిగడమే' చూశాను. పెట్టెలోంచి ప్లాట్‌ఫాం మీదికి ఇనుప మెట్లు నిటారుగా ఉన్నాయి. ఎక్కేటప్పుడు జనం తోపులాటలో నేనే కమ్మీ పట్టుకుని వేలాడాను. తర్వాత వంతెన మెట్లు ఎక్కాలి, మళ్ళీ దిగాలి. కొండ మెట్లు ఎక్కడానికి దాచుకున్న శక్తి అమ్మకి స్టేషన్లోనే అయిపోతుంది.

బయటికొస్తే ఆటోలున్నాయి. కొండ దాకా వెళ్ళడం తేలికే, రావడమే చిక్కు. నన్ను దింపిన ఆటో వెంటనే వెళ్ళిపోయింది. రెండు గంటల తర్వాత కిందికి దిగి చూస్తే ఒక్క బండి లేదు. ఎండలో మూడు కిలోమీటర్లు నడిచాను. నాకు నడక కొత్త కాదు, ఫర్వాలేదు. స్టేషన్‌కొస్తే తర్వాతి రైలుకి ఇంకా రెండు గంటలు. విసుగొచ్చి బస్సెక్కేశాను.

ఆ రాత్రి షీటు ముందు కూర్చుంటే ఒకటి అర్థమైంది. నేను పోల్చిందంతా 37 కిలోమీటర్ల గురించి. అసలు ప్రయాణాన్ని తేల్చేది ఆఖరి మూడు కిలోమీటర్లు. వెళ్ళేది ఎవరన్నదాన్ని బట్టి ఆ మూడూ మూడే కావచ్చు, ముప్పై కూడా కావచ్చు. అందుకే నాలుగో గడి గీశాను: 'అమ్మ రాగలదా?'

మూడోసారి: బస్సు

ఫిబ్రవరిలో ఒక శనివారం అమ్మతో కాంప్లెక్సుకి వెళ్ళాను. తుని, నర్సీపట్నం వెళ్ళే బస్సులు అనకాపల్లి మీదుగానే పోతాయి. సిటీ బస్సు కూడా ఉంటుంది, అది ప్రతి స్టాపులో ఆగుతుంది. మేం ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం వచ్చింది కదా, అమ్మ ఆధార్ కార్డు చూపించగానే కండక్టరు సున్నా టికెట్టు చేతిలో పెట్టాడు. నా టికెట్టు వంద లోపే. అమ్మ తన టికెట్టు రెండుసార్లు తిప్పి చూసి, మడిచి పర్సులో దాచుకుంది. "సున్నా వేసిన కాగితం దాచుకుంటావేంటమ్మా?" అంటే, "చెకింగొస్తే?" అంది.

గాజువాక ట్రాఫిక్కు అందరికీ సమానమే. గంటన్నర పట్టింది. కానీ ఆ గంటన్నరా అమ్మ కిటికీ పక్కన కాళ్ళు చాపుకుని కూర్చుంది. పక్క సీటావిడ చోడవరం మనిషి. లంకెలపాలెం వచ్చేసరికి ఇద్దరూ దూరపు చుట్టాలని తేలిపోయింది.

అనకాపల్లిలో ఈసారి జాగ్రత్తపడ్డాను. ఆటో ఎక్కే ముందే రానూపోనూ, రెండు గంటలు ఆగేలా మాట్లాడుకున్నాను. నాలుగొందలకి ఒప్పుకున్నాడు. "కొండ కాడ బళ్ళు దొరకవు బాబూ. నానుంటాను. అమ్మగారిని తొందరపెట్టకండి, మెల్లగా సూసుకొని రండి," అన్నాడు. బెల్లం మార్కెట్టు ఊరు కాబట్టి దారిలో ఒక దుకాణం దగ్గర ఆపి, చిన్న అచ్చు కూడా కొనిపించాడు.

కొండ కింద దిగి అమ్మ చాలాసేపు పైకి చూసింది. "ఇంతేనా? అప్పుడెంత పెద్దగా ఉండేదో!" అంది. తర్వాత మెట్లు. పది మెట్లు, ఆగడం. మళ్ళీ పది, మళ్ళీ ఆగడం. నేను చెయ్యి అందిస్తే వద్దని, కమ్మీ లేనిచోట మాత్రం నా భుజం పట్టుకుంది. పెద్ద గుహ చేరడానికి పాతిక నిమిషాలు పట్టింది.

లోపల చల్లగా ఉంది. స్తంభాల మధ్య స్తూపం చుట్టూ అమ్మ గుళ్ళో ప్రదక్షిణ చేసినట్టే తిరిగింది. బయటికొచ్చి, పై అంతస్తులో ధ్యానంలో ఉన్న బుద్ధుణ్ణి కింద నుంచే తలెత్తి చూసింది.

"రాక్షసుడు ఏడిరా?"

నేను పైన స్తూపాలున్న వైపు చూపించి, అవేమిటో, ఎందుకు కట్టారో నాకు తెలిసినంత చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

"అప్పుడు మాకెవరూ చెప్పలేదురా," అంది.

గుట్ట పైదాకా ఎక్కలేనంది. నేను బలవంతపెట్టలేదు. ఫోన్లో పై స్తూపం ఫొటోలు తీసుకొచ్చి చూపించాను. గుహ ముందు కూర్చుని, కింద పొలాల వైపు చూస్తూ, తాతయ్య ఏ గట్టు మీంచి నడిపించుకొచ్చాడో లెక్కగట్టింది. మేం దిగేసరికి ఆటో అక్కడే ఉంది.

మరి లెక్క తేలిందా?

తేలింది. ఒక్కరే వెళ్తుంటే బైకు. కుర్రాళ్ళు నలుగురు తక్కువ ఖర్చులో వెళ్ళాలంటే రైలు, స్టేషన్ నుంచి ఆటో. పెద్దవాళ్ళతో అయితే బస్సు, ఆపైన ఆగే ఆటో. మాకు ఇద్దరికీ కలిపి ఆరొందల లోపే అయింది. కుటుంబంలో అయిదారుగురుంటే మాత్రం క్యాబే నయం, తలకి నాలుగొందలు పడుతుంది. ఏ బండైనా సరే పొద్దున్నే బయల్దేరండి, నీళ్ళు పట్టుకెళ్ళండి, ఆటోని వదిలేయకండి.

ఒక్క మాట మాత్రం షీటులో రాసుకోలేకపోయాను, ఇక్కడ రాస్తున్నాను. అమ్మకి ఆటో పెట్టించడానికి నేనున్నాను. బస్సులో ఉచితంగా అనకాపల్లి దాకా రాగలిగిన ఆడవాళ్ళు ఎంతోమంది. ఆఖరి మూడు కిలోమీటర్లకి నాలుగొందలు పెట్టగలిగేవాళ్ళు ఎందరు? సెలవురోజుల్లో స్టేషన్ నుంచి, బస్టాండు నుంచి కొండ దాకా తిరిగే ఒక చిన్న బస్సు, మెట్ల పక్కన పొడవునా ఒక కమ్మీ. ఈ రెండూ ఉంటే, ఒకప్పుడు రాళ్ళు విసిరి వెళ్ళిపోయిన తరం ఇప్పుడొచ్చి లోపలేముందో చూసి వెళ్తుంది. వాళ్ళ మోకాళ్ళు ఎక్కువ రోజులు ఆగవు.

తిరుగు బస్సులో అమ్మ బెల్లం ముక్క నోట్లో వేసుకుని నిద్రపోయిందనుకున్నాను. ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ ఎక్కుతుండగా కళ్ళు తెరవకుండానే అడిగింది.

"తొట్లకొండకి కూడా బస్సుందా?"

రాత్రి షీటులో కొత్త వరస చేర్చాను.