పాతకు ఎన్ని పేర్లో!

వీధి మలుపులో పుస్తకాలు. కోట గోడ పక్కన పుస్తకాలు. ఒకప్పటి సినిమా హాల్లోనూ పుస్తకాలే! వాటిలో ఎక్కువ భాగం ఎవరో ఒకరు చదివేసినవే. వేల్స్‌లో, ఇంగ్లండ్ సరిహద్దును ఆనుకుని వై నది ఒడ్డున ఉన్న హే-ఆన్-వై తీరిది. జనాభా రెండు వేలకు మించదు. అయినా పాత పుస్తకాల ఊరిగా ప్రపంచమంతా పేరు.

రిచర్డ్ బూత్ 1962లో ఇక్కడి పాత ఫైర్‌స్టేషన్‌లో దుకాణం తెరవడంతో మొదలైందీ కథ. 1977 ఏప్రిల్ 1న ఊరిని స్వతంత్ర రాజ్యంగా, తనను రాజుగా ప్రకటించుకున్నారాయన!

ఇలాంటి చోట కొనాలంటే 'పాత సరుకు ఇంగ్లిష్' కాస్త తెలియాలి. వాడి వాడి పాడైనదాన్ని 'షాబీ' అంటారు. పుండు మీద కట్టే పక్కు పేరు నుంచి పుట్టిందా మాట. తిట్టడానికి బాగుంటుంది కానీ, ఏం పాడైందో చెప్పదు. అందుకే వ్యాపారులకు వేరే మాటలున్నాయి. కాగితం మీద గోధుమరంగు మచ్చలొస్తే 'ఫాక్స్‌డ్'. ఎండకు అట్ట వెలిసిపోతే 'సన్‌డ్'. బైండింగు వదులైతే 'షేకెన్'. పేజీల మూలలు కుక్క చెవుల్లా వాలిపోతే 'డాగ్ ఇయర్డ్'.

అసలు మెలిక 'గుడ్' దగ్గరుంది. ఈ వ్యాపారంలో గుడ్ అంటే బాగున్నదని కాదు... బాగా నలిగినా పేజీలన్నీ ఉన్నాయని! నిజంగా బాగుంటే 'ఫైన్', కాస్త తగ్గితే 'వెరీ గుడ్'. గుడ్ కింద 'ఫెయిర్', ఆ కింద 'పూర్'. రూపం చెడినా చదవడానికి పనికొచ్చేది 'రీడింగ్ కాపీ'. ఇది తెలియక ఇంటర్నెట్‌లో 'గుడ్' అని చూసి డబ్బు కట్టేస్తే, పార్సిల్ విప్పాక ఉసూరుమనాల్సిందే. తెలిసినవారికి మాత్రం అదే మాట భరోసా. అట్ట ఎలా ఉన్నా కథ మధ్యలో ఆగిపోదు.

మనకూ మాటలకు కొదవలేదు. బట్ట మాస్తుంది, రంగు వెలుస్తుంది, గడప అరుగుతుంది, గోనెసంచి చివుకుతుంది, కాగితం పెళుసుబారుతుంది. ఏది ఎలా పాతబడిందో ఒక్క క్రియతో చెప్పేస్తాం. కానీ హైదరాబాద్ అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పుస్తకం బేరమాడేటప్పుడు 'పాతదే కదా' అనే ఒక్క మాటతో సరిపెడతాం. ఈసారి ధర అడిగేముందు ఒక్క నిమిషం తిరగేయండి. మచ్చలున్నా ఫర్వాలేదు, అట్ట వెలిసినా ఫర్వాలేదు. చివరి పేజీ ఉంటే చాలు... అది 'గుడ్'!