వాముకు చుట్టం

నేను తెలుగు ఎమ్మే పాసయ్యాను. ఇరవై యేళ్ల నుంచి డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఫలానా మాట ఎక్కణ్ణించి వచ్చింది, దాని ధాతువేమిటి అని పిల్లల్ని నిలబెట్టి అడగటం నాకు అలవాటు. అటువంటి నన్ను ఒక జానెడు మొక్క పక్కన నిలబెట్టి, ఎనిమిదో తరగతి దాటని మా అమ్మ పాఠం చెప్పింది. ఆ సంగతి చెబుదామనే ఈ నాలుగు ముక్కలూ.

2023 ఏప్రిల్లో అన్నయ్య అమ్మను ఇంగ్లండు తీసుకువెళ్లాడు. వాడికి లీడ్స్‌లో డాక్టరు ఉద్యోగం. నాన్న పోయి అప్పటికి ఏడాది దాటింది. అంత ఇంట్లో ఆవిణ్ణి ఒక్కదాన్నీ ఎలా ఉంచుతామని అన్నాచెల్లెళ్లం ఇద్దరం తర్జనభర్జన పడ్డాం. విజిటరు వీసా మీద ఆరునెలలు ఉండనిస్తారు. "వెళ్లిరా అమ్మా, మనవల్ని చూసుకున్నట్టుంటుంది" అన్నాను. నిజం చెప్పొద్దూ, కాకినాడలో మా రెండు గదుల వాటాలో ఆవిణ్ణి ఎక్కడ సర్దాలా అన్న బెంగ ఆరునెలలు వెనక్కి జరిగిందని లోపల కాస్త తేలికపడ్డాను కూడా.

నెల తిరక్కుండానే అన్నయ్య ఫోను. "అమ్మ సరిగా తినటం లేదే. పరీక్షలన్నీ చేయించాను. జబ్బేమీ లేదు. సెలవులేగా, నువ్వొకసారి వచ్చి చెప్పు" అన్నాడు. నేనేదో చెబితే ఆవిడ వింటుందని వాడి నమ్మకం. మొత్తానికి మే నెలాఖరుకు నేనూ లీడ్స్ చేరాను.

అమ్మ చిక్కిపోయింది. అలాగని ఆ ఇంట్లో ఎవరిదీ తప్పు లేదు. వదిన ఉద్యోగం చేస్తుంది. ఆదివారం నాడు వారానికి సరిపడా వండి, డబ్బాల్లో సర్ది ఫ్రిజ్జులో పెడుతుంది. ఏ పూటకాపూట వేడి చేసి ఆప్యాయంగానే వడ్డిస్తుంది. అమ్మ రెండు ముద్దలు తిని, "ఆకలి లేదమ్మాయ్" అని లేచిపోతుంది. తక్కిన పొద్దంతా కిటికీ దగ్గర కూర్చుని సంధ్య ఎప్పుడు పడుతుందా అని చూస్తుంది. అక్కడ ఆ రోజుల్లో సూర్యుడు అస్తమించేసరికి రాత్రి తొమ్మిదిన్నర. "దీపం పెట్టే వేళకు లోకమంతా పడుకుంటుందే ఇక్కడ" అన్నది నాతో.

నేను వెళ్లిన మూడోనాడు ఇద్దరం పెరట్లోకి వెళ్లాం. గోడవార ఎండ తగిలే చోట, రాళ్ల మధ్య, పొట్టి మొక్క ఒకటి గుబురుగా ఉంది. పుల్లల్లాంటి కొమ్మలు, జీలకర్ర గింజంతేసి ఆకులు. అమ్మ వంగి ఒక రెమ్మ తుంచి, అరచేతిలో నలిపి వాసన చూసింది. ముఖం ఒక్కసారి విప్పారింది.

"ఏమే, ఇది వాము కదూ?"

"కాదమ్మా, దీన్ని థైమ్ అంటారు" అని నా పాఠం మొదలుపెట్టాను. మధ్యధరా సముద్రతీరాల మొక్క అనీ, మంచు పడినా చావదనీ, నీళ్లెక్కువైతే మాత్రం వేళ్లు కుళ్లుతాయనీ చెప్పాను. అంతటితో ఆగానా? గ్రీకులో ధూపం వేయటమనే అర్థం గల ధాతువు నుంచి ఈ పేరు వచ్చిందనీ, మన సంస్కృతంలోని ధూమ శబ్దానికి అది చుట్టమనీ కూడా వివరించాను.

"ధూమమంటే పొగేగా! ఈ ఇంట్లో పొగ మాటెత్తకే తల్లీ" అన్నది అమ్మ.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. వచ్చిన మొదటివారంలో అమ్మ చారుకు పోపు పెట్టిందిట. అక్కడి పొయ్యి గాజుపలకలా ఉంటుంది. మంట కనపడదు. నూనె కాగిందో లేదో అనుకునేలోగా ఎండుమిరపకాయలు మాడాయి. ఇంటికప్పుకు బిగించిన అలారం కీచుమని అరవటం మొదలుపెట్టింది. పిల్లలు దగ్గుతూ వీథిలోకి పరుగెత్తారు. అన్నయ్య కుర్చీ ఎక్కి తువ్వాలు విసిరి విసిరి దాని నోరు మూయించాడు. ఎవరూ ఆవిణ్ణి పల్లెత్తు మాటనలేదు. "మీరు శ్రమపడకండి అత్తయ్యగారూ, మేం చూసుకుంటాంగా" అన్నది వదిన. ఆ మాటతో అమ్మ వంటింటి గడప దాటడం మానేసింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టక పుస్తకాలు తిరగేశాను. అమ్మ ముక్కు అబద్ధం చెప్పలేదు సుమండీ! థైమ్ నూనెలోని ముఖ్యమైన సారమే వాములోనూ ఉన్నది. కాస్పర్ నాయ్‌మన్ అనే జర్మన్ రసాయనవేత్త 1719లో దాన్ని విడదీశాడు. 1853లో లాలెమాండ్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు థైమాల్ అని పేరు పెట్టాడు. మన పచారీ కొట్లలో వాముపువ్వు అని అమ్మేది అదే. కర్పూరం, పుదీనా పువ్వు, వాముపువ్వు మూడూ ఒక సీసాలో పోసి అమ్మ అజీర్తి మందు చేసేది. పొడిగా ఉన్న మూడూ కలిసి వాటంతటవే నీళ్లైపోవటం చిన్నప్పుడు నోరు తెరుచుకు చూసేవాళ్లం. వంశాలు చూస్తే వాము ధనియాల కుటుంబం. థైమేమో తులసి కుటుంబం. మన పెరళ్లలోని వామాకూ తులసి కుటుంబమే. అంచేత వాసనలో మూడింటికీ చుట్టరికమే. పొద్దున్నే అమ్మకు చెబితే, "అది తెలుసుకోటానికి రాత్రంతా చదివావా?" అన్నది.

వదిన ఆఫీసుకు వెళ్లాక అమ్మను వంటింట్లోకి లాక్కెళ్లాను. కందిపప్పు, టమాటాలు వేసి పప్పు పెట్టింది. దించే ముందు కొత్తిమీర వేసినట్టు గుప్పెడు థైమ్ దులిపింది. నోట్లో పెట్టుకుంటే కషాయం! ఇద్దరం పడీపడీ నవ్వాం. నాన్న పోయాక అమ్మ అలా నవ్వటం అదే మొదలు.

మర్నాటికి ఆవిడే కిటుకు పట్టింది. కొత్తిమీర చివర వేసేది, లేకపోతే వాసన పోతుంది. ఇది అలా కాదు, పప్పుతో పాటు మొదటినుంచీ ఉడకాలి. నలుగురికి రెండు రెమ్మలు చాలు. రెమ్మను కొస దగ్గర పట్టుకుని కిందికి దూస్తే ఆకులన్నీ రాలిపోతాయి, పుల్ల చేతిలో మిగులుతుంది. ఎండుమిర్చి మాని పచ్చిమిర్చి పప్పులోనే ఉడికించింది. సన్నసెగ మీద నూనె గోరువెచ్చగా ఉండగానే జీలకర్ర, చితక్కొట్టిన వెల్లుల్లి, ఓ చిటికెడు ఆకు వేసింది. నేను అలారం కేసి చూస్తూ నుంచున్నాను. అది కిక్కురుమనలేదు.

సాయంత్రం వదిన వచ్చి వాసన చూసి, "మేం కోడికూరలోనే వేస్తామండీ, పప్పులో వేయొచ్చని తెలీదు" అన్నది. "మనం చేమదుంపల్లో వాము వెయ్యమూ? దుంపకు బాగుంటుంది" అన్నది అమ్మ. వదిన బంగాళాదుంపలు ముక్కలు చేసి, నూనె, ఉప్పు, కారం, థైమ్ పట్టించి ఓవెన్లో పెట్టింది. అత్తాకోడళ్లు ఇద్దరూ దాని తలుపు ముందు నిలబడి ఎర్రబడ్డాయా లేదా అని తొంగిచూశారు. పిల్లలు దుంపలు పోటీపడి తిన్నారు. అమ్మ పప్పన్నం మారు వడ్డించుకుంది.

ఇంకేం, సమస్య తీరిపోయిందనుకున్నాను. ఆ రాత్రి పక్క సర్దుతూ, "వీసా ఉన్నన్నాళ్లూ ఇక్కడుండి, మళ్లీ వచ్చే ఏడాదీ రావచ్చు" అన్నాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు.

"అక్టోబరులో నేనొచ్చాక మీ ఇంట్లో ఉంటాలే. కాని ఒక్కటడుగుతాను. మీ వంటింట్లో నన్ను వేలు పెట్టనిస్తావుటే?"

నాకు నోట మాట రాలేదు. నాన్న పోయిన కొత్తలో నెల్లాళ్లు మా ఇంట్లోనే ఉంది. అప్పుడు, "వంటమనిషి ఉందిగా, నువ్వు హాయిగా కూర్చో" అని పూటపూటా అన్నది నేనే. విశ్రాంతి ఇస్తున్నాననుకున్నాను. వదిన ఒకసారి అన్న మాట నేను ముప్ఫైసార్లు అన్నాను.

ఇప్పుడు అమ్మ మా ఇంట్లోనే ఉంటున్నది. రెండు గదులూ ఇరుకే. వంటమనిషికీ ఆవిడకూ ఉప్పు దగ్గర రోజూ పేచీ. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి ఇద్దరూ చెరో ఫిర్యాదుతో సిద్ధంగా ఉంటారు. బాల్కనీలో కుండీ నిండా వామాకు పెరిగింది. వాన పడితే చాలు, సెనగపిండిలో ముంచి బజ్జీలు వేస్తుంది.

మొన్న ఆదివారం లీడ్స్ నుంచి వదిన ఫోను చేసింది. వెనక కుక్కరు కూత వినిపిస్తోంది.

"అత్తయ్యగారూ, ఇవాళ మా స్నేహితులు ఎనిమిదిమంది వస్తున్నారు. పప్పులోకి ఎన్ని రెమ్మలు వెయ్యమంటారు?"

"నాలుగు చాలమ్మాయ్" అన్నది అమ్మ. ఫోను పెట్టబోతూ మళ్లీ దగ్గరికి తీసుకుని, "మొదట్లోనే వెయ్యి, మరిచిపోకు" అని గట్టిగా చెప్పింది.